బ్లాకు ఫేసు మెరవాల్సిన పని లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే పని గురించి అడిగాయి. ఇంజను బ్లాకు (సిలిండర్లు ఉండే భాగం) మీద మూతలా కూర్చునే హెడ్డును దించాక, ఆ రెంటి మధ్య ఏదీ కారకుండా పెట్టే కొత్త గ్యాస్కెట్ వేసే ముందు, బ్లాకు ఫేసును, అంటే దాని చదునైన పైభాగాన్ని, ఎలా శుభ్రం చేయాలన్నదే ఆ ఐదింటి సారాంశం. మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి ఈసారి పేజీ అంతా దీనికే ఇస్తున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో 1979లో హెల్పరుగా చేరిన రోజు నుంచి షెడ్డు మా అబ్బాయికి అప్పగించేదాకా నా చేతులు ఎక్కువగా చేసిన పని ఇదే.

ప్రశ్న: సూర్యాపేటలో ఒక కార్ల గ్యారేజీలో ఏడాదిగా పని నేర్చుకుంటున్నాను. స్విఫ్ట్ డీజిల్ లాంటి బండి హెడ్డు దించితే, పాత గ్యాస్కెట్ అంటుకున్న చోట్ల గాలి గ్రైండరుకు గరుకు డిస్కు తగిలించి రెండు నిమిషాల్లో తళతళలాడించేస్తారు. మొన్న నేను చేత్తో గీకుతూ కూర్చుంటే "సాయంత్రం దాకా అదే పనా?" అన్నారు. డిస్కు వాడితే తప్పేంటి సార్?
— ఒక హెల్పరు, సూర్యాపేట

జవాబు: బాబూ, చేత్తో గీకుతూ కూర్చున్నది నువ్వే కాబట్టి ముందు నీకు శభాష్ చెప్పాలి. ఆ పని మానొద్దు.

2004లో ఒక అద్దె కారు వచ్చింది. పెళ్లిళ్ల సీజను, ఓనరు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు, మర్నాడు తిరుపతి ట్రిప్పు ఉందన్నాడు. అప్పుడే మార్కెట్‌లో ఆ డిస్కులు బాగా దొరకడం మొదలైంది. నేనే డ్రిల్లుకు తగిలించి బ్లాకు మీద తిప్పాను. ఫేసు అద్దంలా వచ్చింది. గాలి కొట్టి, తుడిచి, గ్యాస్కెట్ వేసి రాత్రికల్లా బండి ఇచ్చేశాను. తిరుపతి వెళ్లి వచ్చింది. మూడో వారం అదే బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. ఆయిల్ లైటు వెలుగుతోంది, కింద నుంచి టకటక శబ్దం. ఛాంబరు (ఇంజను అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించి చూస్తే, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకు బేరింగులు గీతలు పడి, వాటి పైపూత లేచిపోయి ఉంది. ఆ ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. డబ్బు కన్నా, ఆ మనిషి సీజను పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఎందుకలా అయిందో చెబుతాను. ఆ డిస్కులో గరుకునిచ్చేది అల్యూమినియం ఆక్సైడ్ పొడి. పేరులో అల్యూమినియం ఉందని మెత్తగా ఉంటుందనుకోకు, అది ఉక్కును కూడా కోసేంత గట్టిది. డిస్కు తిరుగుతున్నంతసేపూ అరిగి పొడిగా రాలుతుంది. అది కంటికి కనబడదు. ఆయిల్ కన్నాల్లోకి, నీళ్ల దారుల్లోకి, పిస్టన్ చుట్టూ ఉన్న సందులోకి పోతుంది. గాలి కొడితే ఇంకా లోపలికి వెళుతుంది. అక్కడి నుంచి ఆయిల్‌లో కలిసి బేరింగుల దగ్గరకు చేరుతుంది. తిరిగే క్రాంకుకూ బేరింగుకూ మధ్య ఉండే ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఫిల్టరు పెద్ద రేణువులను ఆపుతుంది, సన్నవాటిని పూర్తిగా ఆపలేదు. అవి బేరింగు మెత్తటి లోహంలో దిగబడి, తిరిగే క్రాంకును ఉప్పుకాగితంలా గీస్తూ ఉంటాయి. జనరల్ మోటార్స్ కంపెనీ కూడా ఇలాంటి డిస్కులను గ్యాస్కెట్ ఫేసుల మీద వాడొద్దని తన వర్క్‌షాపులకు ప్రత్యేకంగా బులెటిన్ పంపింది. అదంతా నేను ఆ దెబ్బ తిన్న తర్వాతే తెలుసుకున్నాను.

రెండో నష్టం ఫేసుకే. డిస్కు వెనకాల రబ్బరు ప్యాడు ఉంటుంది, అది ఒత్తిన చోటల్లా వంగుతుంది. ఇనుప బ్లాకు మీద కొంచెం తట్టుకుంటుంది కానీ హెడ్డు అల్యూమినియం. అక్కడ ఒక్కచోట నాలుగు క్షణాలు ఎక్కువ ఆపితే గుంట పడుతుంది. ముఖ్యంగా కన్నాల అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. చూపుకు తెలియదు, వేలితో తడిమినా తెలియదు. ఇప్పటి డీజిల్ కార్లలో ఎక్కువగా వచ్చేది పల్చటి ఉక్కు రేకులు పొరలుగా ఉండే గ్యాస్కెట్. పాత కాగితం రకం గ్యాస్కెట్ చిన్నచిన్న ఎగుడుదిగుళ్లను తనలో సర్దుకునేది. ఈ ఉక్కు గ్యాస్కెట్‌కు ఆ గుణం చాలా తక్కువ. దాని మీద ఉన్న పల్చటి రబ్బరు పూత ఎంత పూడ్చగలదో అంతే.

ఒత్తిడి ఎంతో తెలిస్తే ఈ జాగ్రత్త అంతా ఎందుకో నీకే అర్థమవుతుంది. కారు టైరులో మనం కొట్టేది 32 పాయింట్ల గాలి. టర్బో డీజిల్ ఇంజనులో మంట అందుకున్న క్షణంలో సిలిండరు లోపల రెండు వేల పాయింట్లు దాటుతుంది. దాన్ని బయటికి పోనివ్వకుండా ఆపుతున్నది ఆ రేకు.

ఇప్పుడు చేసే పద్ధతి. ఇంజను పూర్తిగా చల్లారాకే హెడ్డు బోల్టులు వదులు చెయ్యి. బిగించే వరుసకు తిరగేసి, చివర్ల నుంచి మధ్యకు, ఒక్కోటి కొంచెం కొంచెంగా. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డు వంగుతుంది. హెడ్డు లేచాక పాత గ్యాస్కెట్‌ను వెంటనే అవతల పారేయొద్దు. అది ఎక్కడ కాలిందో, ఎక్కడ నల్లటి చార పాకిందో చూసి బ్లాకు మీద అదే చోటును గుర్తు పెట్టుకో. అక్కడే గుంటో గీతో ఉండే అవకాశం ఎక్కువ.

నాలుగు సిలిండర్ల బండయితే నాలుగు పిస్టన్లూ సగం ఎత్తులో ఉండేలా తిప్పి పెట్టుకో. ప్రతి పిస్టన్ చుట్టూ గోడకు ఆనుకుని ఉన్న సందులో వేలితో గ్రీజు రాయి. రాలిన మురికి దానికి అంటుకుంటుంది, చివర్లో గ్రీజుతో పాటు తీసేస్తావు. సిలిండర్లలో శుభ్రమైన బనియన్ గుడ్డ కూరు. ఆయిల్ కన్నాలకు, నీళ్ల కన్నాలకు చిన్న గుడ్డ ముక్కలు పెట్టు. ఎన్ని పెట్టావో లెక్క రాసుకో, తీసేటప్పుడు ఆ లెక్క సరిపోవాలి. మా షెడ్డులో బల్ల పక్కన గోడ మీద సుద్దముక్కతో రాసేవాళ్లం. కాటన్ వేస్ట్ మాత్రం పెట్టొద్దు, పోగులు ఊడి లోపలే ఉండిపోతాయి.

అంటుకున్న ముక్కల మీద గ్యాస్కెట్ రిమూవర్ స్ప్రే కొట్టి పది, పదిహేను నిమిషాలు వదిలెయ్యి. అది చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాలి, తలుపులు తెరిచి ఉండాలి. నానాక ఇనుప బ్లాకు మీదైతే కొత్త రేజర్ బ్లేడును దాదాపు పడుకోబెట్టి తోస్తే పొరలుగా లేస్తుంది. బ్లేడు నిలబెట్టావంటే మూల దిగి గీత పడుతుంది. హెడ్డు అల్యూమినియం కాబట్టి దాని మీద ప్లాస్టిక్ స్క్రేపరే. అల్యూమినియం బ్లాకు ఉన్న పెట్రోలు బండ్లు వచ్చినప్పుడు బ్లాకు మీద కూడా ప్లాస్టిక్కే వాడు. రాకపోతే మళ్లీ స్ప్రే కొట్టి ఆగు. ఈ పనిలో సగం టైము ఆగడానికే పోతుంది, ఆగడం కూడా పనే.

ఫేసు మీద పాత గ్యాస్కెట్ నీడలాంటి మరక ఉండిపోతుంది. చాలామంది దాన్ని పోగొట్టబోయి లోహం తీసేస్తారు. గోటితో అడ్డంగా గీసి చూడు. గోరు దేనికీ తట్టుకోకుండా జారిపోతే అది రంగు మాత్రమే, వదిలెయ్యి. గోరు ఆగితే అప్పుడు అది లేచిన ముక్కా, దిగిన గుంటా అని చూడాలి. సిలిండరు అంచు నుంచి నీళ్ల కన్నం వైపు అడ్డంగా పోయే గీత ఉంటే గ్యాస్‌కు దారి ఇచ్చినట్టే.

తర్వాత స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని ఉక్కు బద్ద) పెట్టి, దాని కింది సందును ఫిల్లర్ గేజ్‌తో (కొలత రేకులతో) చెక్ చెయ్యి. నిలువునా, అడ్డంగా, రెండు మూలలకూ ఐమూలగా. లిమిట్ ఎంతన్నది ఆ ఇంజను మాన్యువల్లో ఉంటుంది. చాలా బండ్లకు 0.05 మిల్లీమీటర్ల రేకు కింద నుంచి దూరకూడదు. మనం రాసుకునే ఎ4 కాగితం మందంలో అది సుమారు సగం. దూరిందంటే నువ్వు ఇంకెంత గీకినా లాభం లేదు, లేత్ షాపుకు పంపాల్సిందే. కొన్ని డీజిల్ హెడ్డులకు ఫేసింగ్ (ఫేసును మిషను మీద కోసి చదును చేయడం) కొట్టకూడదని మాన్యువల్లోనే ఉంటుంది, అది చూడకుండా పంపొద్దు.

చివరగా బ్రేక్ క్లీనరో అసిటోనో తెల్ల గుడ్డకు పట్టించి తుడువు. గుడ్డ తెల్లగానే తిరిగొచ్చేదాకా గుడ్డలు మారుస్తూ తుడువు. మా మేస్త్రి దగ్గర తెల్ల పంచె ముక్క ఉండేది. మేం అయిందన్నాక ఆయన వచ్చి దానితో ఒక్కసారి తుడిచి, ఏమీ మాట్లాడకుండా ఆ ముక్క మా చేతిలో పెట్టి వెళ్లిపోయేవారు. నల్లగా ఉంటే మళ్లీ మొదలు. తుడిచిన ఫేసును వేలితో ముట్టుకోకు, రాత్రంతా వదిలెయ్యకు. మా కృష్ణాతీరం గాలికి ఉత్త ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది. తుడిచిన వెంటనే గ్యాస్కెట్ పెట్టెయ్యాలి. పాత ఆయిల్, ఫిల్టరు కూడా స్టార్ట్ చేసే ముందే మార్చాలి, హెడ్డు లేపినప్పుడు ఎంతో కొంత నీళ్లు కిందకు దిగే ఉంటాయి.

గంటన్నర పడుతుంది. మీ ఓనరు మళ్లీ అడిగితే, బేరింగులు మార్చడానికి ఇంజను దించితే ఎన్ని రోజులు పడుతుందో ఆయనకూ తెలుసు. గౌరవంగా అదే అడుగు.

ప్రశ్న: మా ట్రాక్టరుకు ఈ సీజన్‌లో రెండుసార్లు హెడ్డు గ్యాస్కెట్ పోయింది. రెండుసార్లూ మెకానిక్ పొలం దగ్గరికే వచ్చి, యాక్సా బ్లేడుతో గీకి, గ్యాస్కెట్‌కు రెండు వైపులా గమ్ము పూసి వేశాడు. మొదటిది నెల, రెండోది పన్నెండు రోజులు ఆగింది. గ్యాస్కెట్లు డూప్లికేటా? రేడియేటరులో బోరు నీళ్లే పోస్తాం.
— ఒక రైతు, తెనాలి దగ్గర

జవాబు: డూప్లికేటు కావొచ్చు, కాదనను. కానీ రెండోది మొదటిదాని కన్నా త్వరగా పోయిందంటే నా అనుమానం బ్లాకు మీద.

చాలా ట్రాక్టర్లలో, లారీల్లో సిలిండరు లైనరు బ్లాకులో విడిగా కూర్చుంటుంది, దాని చుట్టూ నీళ్లు తిరుగుతాయి. వెట్ లైనర్ అంటారు. ఆ లైనరు పై అంచు బ్లాకు ఫేసుకు సమానంగా ఉండదు, కావాలనే మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు పైకి ఉంచుతారు. హెడ్డు బిగించినప్పుడు ఆ అంచు గ్యాస్కెట్‌లోని రింగును గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. ఏదైనా లైనరు కిందకు దిగిపోతే ఆ సిలిండరు దగ్గర నొక్కు తగ్గిపోతుంది. ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా అక్కడే పోతుంది. మీవి రెండు పాత గ్యాస్కెట్లూ దాచి ఉంటే పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే సిలిండరు దగ్గర కాలి ఉంటే నేను చెప్పేది దాదాపు ఖాయం.

ఈసారి విప్పించినప్పుడు డయల్ గేజ్‌తో (ముల్లు తిరిగి సన్నటి తేడాను చూపే కొలత సాధనం) ప్రతి లైనరు ఎత్తును నాలుగు వైపులా కొలవమని అడగండి. పక్కపక్క లైనర్ల మధ్య తేడా కూడా చూడాలి. ఎంత ఉండాలో మీ ట్రాక్టరు మాన్యువల్లో ఉంటుంది. దిగిన లైనరును బయటికి తీసి, అది కూర్చునే గట్టు మీది తుప్పు, మడ్డి తీయించి, అవసరమైతే అడుగున షిమ్ము (ఎత్తు సర్దే పల్చటి రింగు) వేయించాలి. గట్టే అరిగి ఉంటే లేత్ పని.

శుభ్రం చేసేటప్పుడు ఈ రకం బ్లాకు మీద పొడుగాటి ఆకురాయి గానీ నూనె రాయి గానీ ఈ చివర నుంచి ఆ చివరకు లాగకూడదు. పైకి ఉన్న లైనరు అంచులు అరిగి, కావాలని ఉంచిన ఆ ఎత్తు పోతుంది. లైనరు చుట్టూ విడిగా, బ్లాకు మీద విడిగా, ఓపిగ్గా చేత్తో చెయ్యాలి. యాక్సా బ్లేడు పళ్లకు గీతలు తప్పవు. మరొకటి, హెడ్డు తీసి ఉన్నప్పుడు ఇంజను తిప్పితే పిస్టన్‌తో పాటు లైనరు లేస్తుంది. లేస్తే అడుగున ఉన్న రబ్బరు రింగులు చిరిగి నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి. తిప్పాల్సి వస్తే ముందు హెడ్డు బోల్టులకు పెద్ద వాషర్లు వేసి లైనర్లను నొక్కి పెట్టాలి. మీ మెకానిక్‌కు ఇది చెప్పండి, నొచ్చుకోకుండా వినే మనిషయితే మంచి మెకానిక్కే.

గమ్ము గురించి. కంపెనీ పూయమని చెప్పని చోట పూయొద్దు. గమ్ము గీతను పూడుస్తుందని ఆశ, కానీ ఆ వేడికి, ఆ ఒత్తిడికి అది నిలబడదు. పైగా పిండుకుని నీళ్ల కన్నాల్లోకి, ఆయిల్ దారిలోకి ముక్కలుగా పోతుంది. తర్వాతిసారి శుభ్రం చేసేవాడికి అది ఇంకో గంట పని.

బోరు నీళ్లు తప్పక మానండి. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. సున్నం గారలా కట్టి వేడి బయటికి పోనివ్వదు, ఉప్పు నీళ్ల కన్నాల అంచులను తినేస్తుంది. ఆ గుంటలు సిలిండరు వైపు పాకితే ఏ గ్యాస్కెట్టూ ఆపలేదు. కూలెంటును (ఇంజనును చల్లబరిచే ద్రవం) డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయించండి.

పొలంలో పని చేయించడం కూడా నాకు నచ్చలేదు. నూర్పిళ్ల రోజుల్లో గాలిలో ఊక, దుమ్ము ఎంత ఉంటుందో మీకు నేను చెప్పాలా! తడి ఫేసు మీద ఒక్క ఇసుక రేణువు వాలినా అది గ్యాస్కెట్ కిందే ఉండిపోతుంది. కిరాయి ఇచ్చయినా షెడ్డుకు తీసుకెళ్లండి.

ప్రశ్న: టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడ లేబర్ చార్జీ భరించలేక నా పాత హోండా హెడ్డును ఇంటి గరాజ్‌లో నేనే దించాను. ఫేసులు శుభ్రమయ్యాయి. బోల్టు కన్నాల్లో కూలెంటు నిలిచింది. నా దగ్గర కంప్రెసర్ లేదు. కొద్దిగా ఉంటే ఫర్వాలేదా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఫర్వా ఉంది. టెన్షన్ పడటం మంచిదే, అందుకే ఆగి అడిగారు.

అడుగు మూసి ఉన్న కన్నంలో నీళ్లుంటే బోల్టు దిగేకొద్దీ అది ఇంజెక్షన్ సిరంజిలోని పిస్టన్‌లా పనిచేస్తుంది. నీళ్లు నలగవు, వెళ్లడానికి దారీ ఉండదు. ఆ ఒత్తిడికి బ్లాకు చిట్లుతుంది. చిట్లకపోయినా, బోల్టు నీళ్ల మీద ఆగి, టార్క్ రించ్ (ఎంత బిగించామో చూపే పానా) మాత్రం బిగిసినట్టు టిక్కుమంటుంది. గ్యాస్కెట్ మీద పడాల్సిన నొక్కు పడదు.

మందుల షాపులో సిరంజి కొని, దాని మూతికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి, కన్నం అడుగు దాకా దించి లాగండి. తర్వాత సన్నటి పుల్లకు గుడ్డ చుట్టి తిప్పండి, పొడిగా వచ్చేదాకా. ఆపైన పొడుగు గొట్టం ఉన్న బ్రేక్ క్లీనర్ కొంచెం కొట్టి, మళ్లీ గుడ్డ, ఆరబెట్టడం. స్ప్రే కొట్టేటప్పుడు కన్నంలోంచి ఎగిరి కళ్లలో పడుతుంది, అద్దాలు పెట్టుకోండి. దగ్గర్లో హీటరో పైలట్ మంటో లేకుండా చూసుకోండి, గరాజ్ తలుపు పైకెత్తి ఉంచండి.

మరల్లో మడ్డి ఉంటే కొత్త మర కోసే ట్యాప్ దించొద్దు, అది లోహం కోస్తుంది. అదే సైజు పాత బోల్టు ఒకటి తీసుకుని, మరల పొడుగునా యాక్సా బ్లేడుతో రెండు మూడు గాళ్లు కోయండి. అంచుల్లో లేచిన గరుకు తీసేసి, చేత్తో లోపలికి తిప్పితే మడ్డి ఆ గాళ్లలోకి వచ్చేస్తుంది. మా షెడ్డులో అలాంటివి ఒక డబ్బా నిండా ఉండేవి.

మరలు శుభ్రంగా ఉండటం ఎంత ముఖ్యమో చూడండి. శుభ్రమైన బోల్టును బిగించినా, పానా మీద మనం పెట్టే బలంలో పది వంతుల్లో దాదాపు తొమ్మిది వంతులు రాపిడికే పోతుంది. మిగిలిన ఒక్క వంతే హెడ్డును నొక్కేది. మడ్డి ఉంటే ఆ ఒక్క వంతులోంచి కూడా కోత పడుతుంది. మరలకు ఆయిల్ రాయాలా వద్దా, పాత బోల్టులు మళ్లీ వాడొచ్చా అన్నవి మీ మాన్యువల్ చెప్పినట్టే చెయ్యండి. సాగే రకం బోల్టులైతే కొత్తవే వెయ్యాలి.

ప్రశ్న: మా నాన్నగారి అంబాసిడర్ పెట్రోలు బండిని మళ్లీ రోడ్డెక్కించాలని ఉంది. పాత గ్యాస్కెట్ రాగి రేకుతో ఉంది, మధ్యలో బూడిదరంగు నార లాంటిది. దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది శుభ్రం చేసి మళ్లీ వేయొచ్చని ఒకరన్నారు.
— ఒక రిటైర్డ్ టీచర్, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, నేను పని నేర్చుకున్నది ఆ 1489 సీసీ ఇంజను మీదే. బ్లాకూ ఇనుమే, హెడ్డూ ఇనుమే, గట్టి ప్రాణం. మీ ఉత్తరం చదివి చాలా సంతోషమైంది.

కానీ ఆ గ్యాస్కెట్‌ను రుద్దకండి. ఆ బూడిదరంగు నార ఆస్బెస్టాస్ అయ్యుంటుంది. పొడిగా రుద్దితే సన్నటి పోగులు గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లో ఉండిపోతాయి, ఏళ్ల తర్వాత జబ్బు చేస్తాయి. మా తరం మెకానిక్కులం ఇది తెలియక నోటితో ఊదేవాళ్లం. బ్లాకు మీద అంటుకున్న ముక్కలను నీళ్లతో బాగా తడిపి, తడిగా ఉండగానే నెమ్మదిగా గీకించండి. గాలి కొట్టనివ్వొద్దు, వైరు బ్రష్ వద్దు. తీసిన ముక్కలను, గుడ్డలను తడిగానే ప్లాస్టిక్ సంచిలో కట్టి మూసెయ్యమనండి. మూతికి మంచి మాస్కు ఉండాలి. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి.

కొత్త గ్యాస్కెట్ ఆస్బెస్టాస్ లేనిది అడిగి తీసుకోండి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా ఈ బండి సామాను పాత స్పేర్ పార్టుల షాపుల్లో వెతికితే దొరుకుతుంది. పాతది మాత్రం మళ్లీ వాడొద్దు. అది ఒకసారి నలిగి ఆ హెడ్డుకు తగ్గట్టు కూర్చుంది, రెండోసారి అదే చోట అలాగే కూర్చోదు.

ప్రశ్న: ఫేసు కడగడానికి పెట్రోలు మంచిదా, డీజిలా, కిరోసినా?
— కాకినాడ నుంచి

జవాబు: మొదటి మడ్డి వదలడానికి డీజిలో కిరోసినో చాలు. కానీ అవి జిడ్డు పొర వదిలి వెళతాయి, కాబట్టి ఆఖరి తుడుపు వాటితో వద్దు. పెట్రోలుతో మాత్రం కడగొద్దు. 1987లో మా పక్క షెడ్డులో ఒక కుర్రాడు పెట్రోలు డబ్బా పక్కన పెట్టుకుని బ్లాకు కడుగుతుంటే, అవతల బ్యాటరీ వైరు నుంచి నిప్పురవ్వ లేచింది. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. బతికాడు, కానీ మళ్లీ పానా పట్టలేదు.